శాటిలైట్ రేడియో ట్రయల్ అయిపోతోందా? కార్డు నంబరు ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

అమెరికాలో ఈ మధ్య కారు కొన్న మనవాళ్ల కోసం ఇది. కొత్త కారుతో పాటు సిరియస్ ఎక్స్‌ఎమ్ అనే శాటిలైట్ రేడియో ఉచిత ట్రయల్ వస్తుంది, సాధారణంగా మూడు నెలలు. ఆ మూడు నెలల్లో అలవాటైపోతుంది. డాలస్ నుంచి ఎల్ పాసో దాకా ఆరు వందల మైళ్ల పైచిలుకు దారిలో ఎఫ్ఎం స్టేషన్లు ఒకదాని తర్వాత ఒకటి గరగరమంటూ పోతాయి, ఫోన్ సిగ్నల్ కూడా అక్కడక్కడా దొరకదు. ఇదొక్కటే తెగకుండా వస్తుంది. ఆ సుఖం నిజమే. గొడవంతా బిల్లు దగ్గరే.

ప్రకటనలో కనిపించేది ప్రమోషన్ ధర. గడువు దాటిన రోజున అప్పటికి ఉన్న పూర్తి ధరకు దానంతటదే రెన్యూ అవుతుంది, మీరు ఆపమనేదాకా కార్డులోంచి పోతూనే ఉంటుంది. దీనికి తోడు మ్యూజిక్ రాయల్టీ ఫీజు. పేరు చూసి చాలామంది ప్రభుత్వ పన్ను అనుకుంటారు. కాదు, కంపెనీ వేసేదే. పాటల ఛానెళ్లున్న ప్లాన్ల మీద ఇది 21.4 శాతం దాకా ఉండేది. ఆ లెక్కన ప్లాన్ 10 డాలర్లని రాసి ఉంటే 2 డాలర్ల 14 సెంట్లు అదనం, ఆపైన అసలు పన్ను. పెద్ద అక్షరాల్లో ఉన్న ధర చూసి ఆగిపోకండి. ఈ రోజు ఎంత పోతుంది, రెన్యువల్ రోజున ఎంత పోతుంది, ఆ తేదీ ఏమిటి, ఈ మూడూ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ తేదీకి పది రోజుల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

రద్దు చేసుకోవడం ఇంకో పెద్ద పని. న్యూయార్క్ అటార్నీ జనరల్ 2023 డిసెంబరులో కోర్టుకెక్కింది దీని మీదే. రద్దుకు ఫోన్‌లో సగటున 11 నిమిషాల పైన, చాట్‌లో అరగంట పడుతోందని ఆ ఫిర్యాదులో చూపించారు. కంపెనీ మోసం చేసిందన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు గానీ, ఈ రద్దు పద్ధతి ఫెడరల్ చట్టానికి విరుద్ధమని 2024 నవంబరులో తీర్పు వచ్చింది. అయినా తీర్పు వచ్చింది కదా అని ధీమాగా ఉండకండి. రద్దుకు ఫోన్ చేస్తే ముందు కారణం అడుగుతారు. మీరు ఏ కారణం చెబితే దానికి తగిన ఆఫర్ బయటికి తీస్తారు, కాదంటే ఇంకొంచెం తగ్గించి మరోటి. "ధర ఎక్కువ" అన్నారంటే బేరం మొదలైనట్టే. "ఆఫర్ వద్దండీ, ఈ రోజే రద్దు చేయండి" అని అదే మాట మళ్లీ మళ్లీ చెప్పండి. నిజంగా తక్కువ ధరకు కావాలంటే మాత్రం ఆ బేరానికి సరైన సమయం ఇదే. ఒప్పుకునే ముందు ఆ ధర ఏ తేదీ దాకానో అడగండి. ఫోన్ పెట్టేలోగా కన్ఫర్మేషన్ నంబరు, ఈమెయిల్ రెండూ తీసుకోండి. కార్డు బ్లాక్ చేయించుకున్నంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ రద్దయినట్టు కాదు, ఖాతాలో బాకీ పేరుకుంటుంది.

ఇంకొకటి, రద్దయ్యాక కూడా ఒక్కోసారి పాటలు వినిపిస్తాయి. అందరికీ ఉచితంగా కొన్నాళ్లు తెరుస్తుంటారు. అది విని రద్దు కాలేదని కంగారు పడొద్దు. చూసుకోవాల్సింది కార్డు స్టేట్‌మెంటే.

సబ్‌స్క్రిప్షన్ మనిషికి కాదు, రేడియోకి. ఇంట్లో రెండు కార్లుంటే రెండు రేడియోలు, రెండు లెక్కలు. ఛానెల్ 0 పెడితే స్క్రీన్ మీద రేడియో ఐడీ కనిపిస్తుంది, ఎనిమిదో పన్నెండో అక్షరాలు, అంకెలు కలిపి. కొన్ని కార్లలో అది సెట్టింగ్స్ మెనూలో ఉంటుంది. అందులో O అనే ఇంగ్లిష్ అక్షరం వాడరు, కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నానే. ఇక్కడ తప్పు పడితే డబ్బు కట్టినా రేడియో మోగదు. యాక్టివేట్ చేసేటప్పుడు కారు గరాజ్‌లో ఉండకూడదు. బయట ఆకాశం కనిపించే చోట ఆపి, రేడియో ఆన్‌లో ఉంచి, ఛానెల్ 1 పెట్టి, రేడియోను తెరిచే రిఫ్రెష్ సిగ్నల్ పంపమని కంపెనీని అడగండి. కొన్ని నిమిషాలు ఓపిక పట్టండి.

సెకండ్ హ్యాండ్ కారు అమ్మేవాళ్లు "దీనికి లైఫ్‌టైమ్ ఉంది" అంటే ఆ మాట మీద ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వొద్దు. ఒకసారి కడితే చాలనే ఆ పాత లైఫ్‌టైమ్ ప్లాన్ పాత యజమాని ఖాతాలో ఉంటుంది. ఆ రేడియో ఐడీ చెప్పి కంపెనీని అడిగితే తేలిపోతుంది.

ఇంట్లో పెట్టుకునే సెట్ కొనేవాళ్లు ముందు కిటికీ చూసుకోండి. ఉపగ్రహాలు భూమధ్యరేఖ వైపు ఉంటాయి కాబట్టి యాంటెన్నాకు దక్షిణపు ఆకాశం అడ్డు లేకుండా కనపడాలి. ఈ సిగ్నల్ 2.3 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో వస్తుంది, గుబురు చెట్టు అడ్డం వచ్చినా తెగుతుంది. చలికాలంలో ఆకులు రాలినప్పుడు బాగా వచ్చి, వేసవిలో తెగిపోతుంటే సెట్‌ను అనుమానించకండి. ఉత్తరం కిటికీ మాత్రమే ఉన్న అపార్ట్‌మెంట్‌లో డబ్బు పెట్టడం దండగ, యాప్‌లో వినడమే మేలు.

తెలుగు పాటల కోసమే తీసుకునేవాళ్లు ఛానెళ్ల జాబితాలో పేరు కళ్లారా చూశాకే కట్టండి, "ఇండియన్ మ్యూజిక్ ఉంది" అన్న సేల్స్ మాట చాలదు. మూడేళ్ల ప్లాన్ ఒకేసారి కట్టమంటే అసలే వద్దు. మన దేశంలో వరల్డ్‌స్పేస్ అనే శాటిలైట్ రేడియో గుర్తుందా? తెలుగుకు స్పందన అనే ఛానెల్ ఉండేది. మాతృసంస్థ 2008 అక్టోబరులో దివాలా పిటిషన్ వేసింది, 2009 డిసెంబరు 31తో ఇండియాలో ప్రసారాలు ఆగిపోయాయి. ముందే కట్టినవాళ్ల డబ్బు అలాగే ఇరుక్కుపోయింది. ఆ పాత సెట్లు ఎవరైనా ఇప్పుడు అమ్ముతామంటే శాటిలైట్ రేడియోగా కొనకండి, వాటికి వచ్చే సిగ్నలే లేదు.