గోరింకా, అడవి గోరింకా: ఏది మేలు?

గోరింకని గుర్తుపట్టని వాళ్లు మన ఊళ్లలో ఉండరు. చిక్కంతా అడవి గోరింకతోనే. అదీ గోధుమ రంగు పిట్టే. ఎగిరితే దాని రెక్కల్లోనూ తెల్ల మచ్చ కనిపిస్తుంది, తోక చివరా తెలుపే. అందుకే చాలామంది కళ్లెదుట ఉన్నా మామూలు గోరింకే అనుకుని వదిలేస్తారు.

రెక్కల్ని వదిలేసి మొహం చూడండి. గోరింకకి కంటి చుట్టూ ఈకల్లేని పసుపు చర్మం ఉంటుంది. అడవి గోరింకకి అది ఉండదు. ముక్కు మొదట్లో, నుదుటి మీద ఈకలు మాత్రం కుచ్చులా లేచి ఉంటాయి. పడమటి కనుమల వైపు పిట్టలకైతే కన్ను లేత నీలం.

నాకు ఆ కుచ్చంటే ప్రాణం. తేనె కోసం పువ్వులో ముక్కు పెట్టినప్పుడు పుప్పొడి దానికే అంటుకుంటుంది, ఆ పుప్పొడితోనే పిట్ట ఇంకో పువ్వు మీద వాలుతుంది. కొన్నిసార్లు నుదురంతా పసుపు పులుముకున్నట్టు కనిపిస్తుంది.

పొలం సంగతికొస్తే, మైదానం ఊళ్లలో నా ఓటు గోరింకకే. దుక్కి దున్నుతుంటే ట్రాక్టర్ వెనకే నడుస్తూ బయటపడ్డ పురుగుల్ని ఏరుకుంటుంది. చేలో పక్షి స్థావరాలు, అంటే పిట్టలు వాలడానికి కర్రలు, పాతితే వాటి మీద వాలి లద్దె పురుగుల్ని కనిపెడుతుంది. గోడలో కన్నం దొరికినా గూడు పెట్టేస్తుంది కాబట్టి ఏడాది పొడవునా ఊళ్లోనే ఉంటుంది. అడవి గోరింకా పురుగుల్ని తింటుంది, పశువుల వెంటా తిరుగుతుంది. కానీ దానికి చెట్లూ తొర్రలూ ఉన్న చోటే ఇష్టం. కొండవాలు తోటలున్న వాళ్లకి అదే మంచి తోడు. జామపళ్ల దగ్గర మాత్రం రెండూ ఒకటే, వల కట్టుకోవాల్సిందే.

ఈ మేలంతా పుట్టిన నేల మీదే. పురుగుల్ని తింటుందని 1862లో గోరింకని ఆస్ట్రేలియా తీసుకెళ్లారు. అది అక్కడి పిట్టల తొర్రల్ని ఆక్రమించుకుంది. 2000లో ప్రపంచంలోని 100 అతి హానికర ఆక్రమణ జాతుల జాబితా వేస్తే అందులోకెక్కిన మూడు పక్షుల్లో ఇదొకటి. ఫిజీ చెరకు తోటల కోసం 1890 ప్రాంతంలో రెండిటినీ తీసుకెళ్లారు. 1903 నుంచి మద్రాసు ఓడల్లో కూలికి వెళ్లిన మన తెలుగువాళ్లకి ఆ తోటల్లో ఈ పిట్టలు అప్పటికే ఎదురయ్యాయి.

చూడ్డానికి ఒక్కదాన్నే ఎంచుకోమంటే నేను అడవి గోరింకనే అంటాను. బూరుగ, మోదుగ పూసే రోజుల్లో కొండల వైపు వెళ్తే పూల మీది గోరింకల గుంపులో ముందు కంటి పక్కన పసుపు లేని పిట్టని వెతకండి.