నెల్లూరులో మా డీటీపీ షాపు: ఆఫీస్ సూట్, విడి సాఫ్ట్‌వేర్‌లు ఏళ్ల తరబడి వాడాక

నెల్లూరు ట్రంకు రోడ్డుకు దగ్గర్లో మాకు రెండు కంప్యూటర్ల డీటీపీ షాపు ఉంది. ఒకదానిలో 2018 నుంచి లిబ్రెఆఫీస్ అనే ఆఫీస్ సూట్, అంటే ఆఫీసు పనుల ప్రోగ్రాములన్నీ కలిపి ఒకే ప్యాకేజీగా వచ్చేది, వాడుతున్నాను. రెండోదానిలో పెళ్లిపత్రికల పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్, ఫొటోలకు గింప్, పీడీఎఫ్‌లు చూడటానికి సుమత్రా, ఇలా ఏ పనికి ఆ సాఫ్ట్‌వేర్ విడిగా ఉంది. కొత్తగా షాపు పెట్టే కుర్రాళ్లు ఏది మేలని అడుగుతుంటారు. వాళ్లకోసమే ఇది.

లిబ్రెఆఫీస్‌లో ఆరు ప్రోగ్రాములు వస్తాయి. అందులో బేస్, మ్యాథ్ నేను నేరుగా తెరిచింది చాలా తక్కువ. అయినా ఈ సూట్‌ను వదలకపోవడానికి కారణం కాగితాలు టైపు చేసే రైటర్, పట్టికలు వేసే కాల్క్ ఒకదానికొకటి అందించుకునే తీరు.

ఏటా ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు మా దగ్గర స్టడీ సర్టిఫికెట్లు చేయిస్తారు. ఆరు వందల పైచిలుకు పిల్లలు. పేరు, తండ్రి పేరు, తరగతి, పుట్టిన తేదీ కాల్క్ షీటులో ఎక్కిస్తాం. ఆ షీటును ఒకసారి డేటా సోర్సుగా, అంటే వివరాలు అందించే ఫైలుగా, రిజిస్టర్ చేస్తే చాలు. రైటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే ఆ పట్టిక పైన కనబడుతుంది. కాలమ్ పేరు పట్టుకుని సర్టిఫికెట్‌లో కావలసిన చోటికి లాగి వదలాలి. ప్రింట్ ఇస్తే పిల్లకొక కాగితం వచ్చేస్తుంది. హెడ్‌మాస్టరు గారు ఆఖర్లో ఫోన్ చేసి "ఆ పాప ఇంటిపేరు తప్పు పడింది బాబూ" అన్నా టెన్షన్ ఉండదు. షీటులో దిద్ది ఆ ఒక్క కాగితం మళ్లీ తీస్తాం. షీటును వేరే ఫోల్డరులోకి మాత్రం మార్చకండి, లింకు తెగిపోతుంది. విడివిడి సాఫ్ట్‌వేర్‌లతో ఇదే పని చేయాలంటే కాపీ చేయడం, అతికించడంతోనే రెండు రోజులు పోతాయి.

లిబ్రెఆఫీస్‌లో తెలుగు కూడా బాగుంది. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి అక్షరాలు పేర్చే పని అన్ని సిస్టమ్‌లలోనూ హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజిన్ చూస్తోంది. ఫాంటు ఒకటే అయితే ఇంట్లో లైనక్స్‌లో కొట్టింది షాపులో విండోస్‌లో తెరిచినా ఒత్తులు చెదరవు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రైటర్, కాల్క్, బొమ్మలు గీసే డ్రా పైకి వేరు వేరు కిటికీలైనా లోపల నడిచేది ఒకే ప్రాసెస్. ఒకటి బిగుసుకుంటే మిగతావీ ఆగుతాయి. అందుకే సర్టిఫికెట్ల పని నడుస్తుంటే పెద్ద పీడీఎఫ్‌ను డ్రాలో తెరవను. సుమత్రా ఉన్నది అందుకే.

పెళ్లిపత్రికలు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లోనే. 2001 నాటి 7.0 తర్వాత దానికి కొత్త వెర్షన్ రాలేదు, ఇప్పుడు ఫోన్లు, కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలకూ వాడే యూనికోడ్ పద్ధతి దానికి తెలియదు. అయినా మేము పని ఇచ్చే ఆఫ్‌సెట్ ప్రెస్ అదే ఫైలు అడుగుతుంది. దానిలో వాడే అను అనే పాత తెలుగు ఫాంట్ల వంపు పెళ్లిపత్రికకు ఇచ్చే అందం నాకు ఇంకెక్కడా దొరకలేదు. కాకపోతే ఆ ఫాంట్లు తెలుగు అక్షరాలను ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో దాచుకుంటాయి. ఒక పెద్దాయన అలా కొట్టిన కరపత్రంలోని మాటలను ఫోన్లో అతికించి "ఏందబ్బాయా, ఇట్టా పిచ్చి గీతలొచ్చినాయి?" అని తెచ్చి చూపించాడు. అందుకని ఇప్పుడు ఏ మాటైనా ముందు రైటర్‌లో యూనికోడ్‌లో కొట్టి, తర్వాత కన్వర్టర్‌తో అనులోకి మారుస్తున్నాను.

మధ్యలో ఒక ఏడాది చందా కట్టే డిజైన్ సూట్ కూడా వాడాను. రొట్టెల పండుగ ముందు, బ్యానర్ల పని గుట్టగా ఉన్న వారంలో, బ్యాంకు కార్డు మారడంతో చందా ఆగిపోయింది. ఫొటోది, లేఅవుట్‌ది, పీడీఎఫ్‌ది, మూడూ ఒకేసారి మూతపడ్డాయి. ఆ రెండు రోజులు మాట ఇచ్చిన వాళ్ల ముఖం చూడలేకపోయాను. గింప్‌కు మారింది ఆ తర్వాతే. ప్రెస్‌కు పంపేముందు రంగుల విషయంలో దానితో కొంచెం ఎక్కువ శ్రమ పడాలి. పడుతున్నాను.

మొన్న ఆ స్కూలు వాళ్లే 2019లో చదివిన అబ్బాయికి డూప్లికేటు కావాలన్నారు. అప్పటి ఓడీఎస్ (కాల్క్ ఫైలు) షీటు తెరిచాను, ఒక్క అక్షరం చెదరలేదు. కాగితం తీసి ఇచ్చేసరికి ఆ అబ్బాయి వాళ్ల నాన్న ఇంకా బండి దిగుతున్నాడు.