అసలైన కంచుకోట ఏది: పులివెందులా, హిందూపురమా?

సీమలో నలుగురు కూర్చుని ఎన్నికల ముచ్చట మొదలుపెడితే ఈ పేచీ వచ్చి తీరుతుంది. కడప వైపు వాళ్లు పులివెందుల అంటారు, అనంతపురం వైపు వాళ్లు హిందూపురం అంటారు. నన్ను అడిగేవాళ్లకు విడివిడిగా చెప్పి అలసిపోయాను, అందుకే ఒకేసారి రాస్తున్నాను.

మెజారిటీయే కొలత అయితే వాదనే అక్కర్లేదు. పులివెందులలో జగన్‌కు 2014లో 75,243, 2019లో 90,110. రాష్ట్రమంతటా ఆయన పార్టీ వైసీపీకి 11 స్థానాలే దక్కిన 2024లోనూ 61,687. హిందూపురంలో బాలకృష్ణకు 2014లో వచ్చింది 16 వేల పైచిలుకు; కూటమి గాలి వీచిన 2024లో కూడా 32 వేల దగ్గరే ఆగింది.

నేను చూసేది మాత్రం ఒక్కటే. గెలిచే కుటుంబం ఇంటిపేరు లేకపోయినా కోట నిలుస్తుందా?

పులివెందులకు ఈ పరీక్ష ఇంకా ఎదురుకాలేదు. 1978లో రాజశేఖర రెడ్డి, కాంగ్రెస్ చీలిక పార్టీ అయిన ‘రెడ్డి కాంగ్రెస్’ తరఫున గెలిచింది మొదలు ఆ స్థానం ఆ ఇల్లు దాటలేదు. ఆయన ఎంపీగా వెళ్తే 1989, 1994లలో తమ్ముడు వివేకానంద రెడ్డి, 1999 నుంచి మళ్లీ ఆయనే, 2010లో ఏకగ్రీవంగా విజయమ్మ, 2014 నుంచి జగన్. పార్టీలు మారాయి, గుర్తులు మారాయి, ఓటు కదలలేదు. 2011 ఉప ఎన్నికను గుర్తు చేసుకోండి. వదిన విజయమ్మది వైసీపీ ఫ్యాను, మరిది వివేకానంద రెడ్డిది కాంగ్రెస్ హస్తం. ఏళ్ల తరబడి ఓటేసిన గుర్తును, రెండుసార్లు గెలిపించిన మనిషిని పక్కనపెట్టి జనం విజయమ్మకు 80 వేలకు పైగా మెజారిటీ ఇచ్చారు. అంటే అక్కడి ఓటు పార్టీది కాదు, ఆ మాటకొస్తే వంశానిది కూడా కాదు. రాజశేఖర రెడ్డి గడపది.

హిందూపురంలో 1983 నుంచి తెలుగుదేశం ఓడిందే లేదు. 1985, 1989, 1994లలో ఎన్టీఆర్, ఆయన పోయాక 1996 ఉప ఎన్నికలో హరికృష్ణ. ఇంతవరకూ ఇదీ ఇంటిపేరు కథే. కానీ 1999లో వెంకటరాముడు, 2004లో రంగనాయకులు, 2009లో అబ్దుల్ ఘని గెలిచారు. ముగ్గురిలో ఎవరూ నందమూరి వారు కారు. పైగా 2004లో పార్టీకి మిగిలినవే 47 స్థానాలు. పార్టీ మునిగిన మిగతా ఏళ్లూ చూడండి. 1989లో సాక్షాత్తూ ఎన్టీఆరే కల్వకుర్తిలో ఓడిపోయినా హిందూపురం ఆయన్ని వదల్లేదు. 2019లో ఉమ్మడి అనంతపురం జిల్లాలోని 14 స్థానాల్లో తెలుగుదేశానికి దక్కినవి రెండు: ఉరవకొండ, హిందూపురం.

కాబట్టి నా ఓటు హిందూపురానికే. కడప మిత్రులు కోప్పడినా సరే. 2025 ఆగస్టులో పులివెందుల జెడ్పీటీసీ తెలుగుదేశం పరమైంది కదా అని కొందరు నా వాదనకు బలం చేకూర్చబోతారు. దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. అది ఒక్క మండలం ఎన్నిక, పైగా ఓటర్లను అడ్డుకున్నారని వైసీపీ ఆరోపించిన పోలింగు. జగన్ ఇంటి మనిషి బరిలో లేని శాసనసభ ఎన్నిక వచ్చిన రోజున పులివెందుల గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

ఉరవకొండ సంగతీ అడుగుతున్నారు. అది కోట కాదు, సెంటిమెంటు. అక్కడ గెలిచిన పార్టీ అధికారంలోకి రాదనేవారు. 2024లో పయ్యావుల కేశవ్ గెలిచి ఆర్థిక మంత్రి అయ్యారు, ఆ ముచ్చటా తీరిపోయింది. డోన్ అంటారా, కోట్ల వారు, కేఈ వారు, బుగ్గన అందరూ గెలిచిన చోటు. దాన్ని ఈ పోటీలోకే తేవద్దు.