పక్క రాష్ట్రం బండి చవకగా వస్తోందా? డబ్బు చేతులు మారకముందే ఇది చదవండి

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ బుల్లెట్ కోసం వెతికేవాళ్లకు బీదర్, కలబురగి, రాయచూరు బండ్ల ప్రకటనలు తెగ కనిపిస్తుంటాయి. జహీరాబాద్ దాటితే బీదరే. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి బండి నడుపుకుంటూ వచ్చేయొచ్చు. ఇక్కడ లక్షా నలభై వేలు చెబుతున్న బండి అక్కడ లక్షా పదికే దొరుకుతుంటే ఎవరికైనా చేయి ఆగదు. ఆ మిగిలిన ముప్పై వేలు నా దగ్గర ఎలా కరిగిపోయాయో చెబుతాను.

నేను కొన్నది ఒక ఆటో కన్సల్టెన్సీ దగ్గర, అంటే పాత బండ్లు అమ్మిపెట్టే షాపులో. పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. బండిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. వెంట తీసుకెళ్లిన మెకానిక్ ఇంజన్ విని, చైన్ స్ప్రాకెట్ చూసి, ఫోర్కులు నొక్కి, తీసుకోవచ్చన్నాడు. ఇంజన్, ఛాసిస్ నంబర్లు ఆర్సీతో సరిపోయాయి. మోసమంతా కాగితాల్లో ఉంది.

బండి బీదర్‌లో ఉంది కానీ నంబరు బెంగళూరుది. ఆర్సీలో ఉన్న ఓనర్ కూడా బెంగళూరులోనే ఉంటాడు. అంటే ఎన్‌ఓసీ (బండిని వేరే ఆర్టీఓ పరిధికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం) ఇవ్వాల్సింది ఆ బండి రిజిస్టరైన బెంగళూరు ఆర్టీఓ. "మా బీదర్ ఆఫీసులో అందరూ మనవాళ్లే భయ్యా, టెన్షన్ తీసుకోకు" అనే మాటకు ఇక్కడ విలువ సున్నా. మీరు చూస్తున్న బండికీ ఇలా ఊరొకటి, నంబరొకటి ఉంటే చెవులు నిక్కబొడుచుకోండి. అది అప్పటికే ఒకరిద్దరు బ్రోకర్ల చేతులు మారి వచ్చిందన్నమాట.

ఎన్‌ఓసీ రెడీగా ఉందన్నాడు కన్సల్టెన్సీ వాడు. వాట్సాప్‌లో ఫొటో కూడా పంపాడు. బండి నంబరు, ఓనరు పేరు, ఆర్టీఓ ముద్ర ఉన్న భాగం వరకే ఫొటో. ఒరిజినల్ బెంగళూరు నుంచి కొరియర్‌లో వస్తోందని, రాగానే నాకు పంపిస్తానని చెప్పి మొత్తం డబ్బు తీసుకున్నాడు. కొంత యూపీఐలో, కొంత నగదుగా. నగదు ఎందుకంటే "ఆర్టీఓ ఖర్చులకు" అట.

ఒరిజినల్ వచ్చాక ఇక్కడి ఆర్టీఓ ఆఫీసు కౌంటర్‌లో పెడితే క్లర్క్ ఒక్క చూపు చూసి వెనక్కి ఇచ్చేశాడు. అది మహారాష్ట్రలోని సోలాపూర్ ఆర్టీఓకి రాసిచ్చిన ఎన్‌ఓసీ. ముందు ఎవరో సోలాపూర్ వాళ్లు కొనబోయి మానుకున్నారు. ఆ కాగితాన్నే నాకు అంటగట్టారు. ఎన్‌ఓసీ అంటే ఎక్కడికైనా చెల్లే టికెట్ కాదు. ఏ రాష్ట్రంలోని ఏ ఆర్టీఓ పరిధికి బండి వెళ్తుందో అందులో రాసి ఉంటుంది. అక్కడ తప్ప ఇంకెక్కడా పనికిరాదు. దాన్ని మార్చుకోవాలంటే, సోలాపూర్‌లో ఈ బండిని రిజిస్టర్ చేయలేదని అక్కడి ఆర్టీఓ నుంచి కాగితం తేవాలి. దాన్ని చూపించి బెంగళూరులో పాత ఎన్‌ఓసీ రద్దు చేయించాలి. ఆ తర్వాతే మన పేరున, మన ఆర్టీఓకి కొత్తది. వీటన్నిటికీ దరఖాస్తుదారు ఆర్సీ ఓనరే. ఓటీపీలు కూడా అతని ఫోన్‌కే వెళ్తాయి. కన్సల్టెన్సీ వాడి దగ్గర ఆ ఓనర్ ఫోన్ నంబరే లేదు! ఓనర్ సంతకం ఉన్న ఫారం 29, ఫారం 30 (బండి పేరు మార్పిడికి వాడే ఫారాలు) కట్ట మాత్రం ఉంది. వివరాలేవీ నింపకుండా తీసుకున్న ఖాళీ సంతకాలు అవి.

ఆర్సీలో ఉన్న అడ్రసుకు రిజిస్టర్డ్ పోస్టు పంపితే చివరికి ఆ ఓనరే నాకు ఫోన్ చేశాడు. పాపం, అతను నాకంటే ఎక్కువ భయపడ్డాడు. బండి ఎప్పుడో బెంగళూరులో ఇంకో కన్సల్టెన్సీకి ఇచ్చేశాడు, పేరు మారిపోయిందనుకుంటున్నాడు. రికార్డుల్లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనర్ అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్ల మెడకే చుట్టుకుంటుందని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. ఈ సంగతి చెప్పగానే మనిషి వెంటనే కదిలాడు. మంచివాడు దొరికాడు కాబట్టి సరిపోయింది. ఫోన్ ఎత్తనివాడో, విదేశాలకు వెళ్లిపోయినవాడో అయితే ఆ బండి నాకు షెడ్డులో బొమ్మే.

అందుకే నా మాట ఒక్కటే. ఆర్సీలో పేరున్న మనిషితో మాట్లాడకుండా, మీ ఆర్టీఓ పేరుతో ఉన్న ఎన్‌ఓసీ ఒరిజినల్ కళ్లతో చూడకుండా టోకెన్ అమౌంట్ మించి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. కాగితాలు మీరు చేయించుకుంటే ధర తగ్గిస్తామని ఆశ పెడతారు. లొంగొద్దు.

ఇంకో మాయమాట ఉంది. "వేరే రాష్ట్రం బండి పన్నెండు నెలల దాకా ఏం చేయకుండా తిప్పుకోవచ్చు" అంటారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47లో పన్నెండు నెలల మాట ఉన్నది నిజమే. అయితే అది బండిని వేరే రాష్ట్రంలో ఉంచుకునే గడువు గురించి. ఉద్యోగం మారి తన బండితో వచ్చినవాడికి అది సరిపోతుంది. చేతులు మారిన బండికి సెక్షన్ 50 కూడా ఉంది. దాని ప్రకారం కొన్నవాడు 30 రోజుల్లో తానుండే పరిధిలోని ఆర్టీఓకి తెలియజేయాలి. అమ్మినవాడికీ బాధ్యత ఉంది, వేరే రాష్ట్రానికి వెళ్లే బండి అయితే అతనికి 45 రోజులు.

లైఫ్ ట్యాక్స్ లెక్క చాలామంది వేసుకోరు. కర్ణాటకలో కట్టిన లైఫ్ ట్యాక్స్ ఇక్కడ లెక్కలోకి రాదు, తెలంగాణకు మళ్లీ కట్టాలి. అదీ మీరు బేరమాడి కొన్న ధర మీద కాదు, బండి కొత్తప్పటి ధర మీద. బండి వయసు పెరిగేకొద్దీ శాతం తగ్గుతుంది, అంతే. కర్ణాటకలో మిగిలిన కాలానికి ట్యాక్స్ వాపసు అడిగే వీలుంది కానీ దరఖాస్తు అక్కడి ఆర్టీఓలోనే, ఇక్కడ కొత్త నంబరు పడ్డాక. ఆ రిఫండ్ చూపించి ధర పెంచేవాడిని అసలు నమ్మకండి. ట్యాక్స్, కొత్త నంబరు ప్లేటు, ఏజెంట్ ఫీజు, బెంగళూరు, సోలాపూర్ తిరుగుళ్లు అన్నీ కలిపితే ఇక్కడి లక్షా నలభై వేల బండే నాకు చవక పడేది.

ఫైనాన్స్ సంగతి కూడా చూసుకోండి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఫైనాన్సర్ పేరు కనిపించిందంటే, అప్పు ఇంకా ఉంది, లేదా తీరినా హైపోథికేషన్ (ఆర్సీలో అప్పు ఇచ్చినవాళ్ల పేరున ఉండే తాకట్టు నమోదు) కొట్టేయించలేదన్నమాట. అప్పు తీరిందన్న బ్యాంకు లెటరు, ఆ తాకట్టు తీసేయించే ఫారం 35 వచ్చేదాకా ముందుకు వెళ్లొద్దు. బెంగళూరు బండి అయితే చలాన్లు పరివాహన్ సైట్‌లోనూ, బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల సైట్‌లోనూ చూడండి. దొంగబండి కాదని ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) సైట్‌లో చూసుకుంటే ఇంకా మంచిది.

ఇన్సూరెన్స్ పాత ఓనర్ పేరు మీదే ఉంచి తిప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మన బండి ఎవరికైనా తగిలితే థర్డ్ పార్టీ కవర్ బండితో పాటు మనకు వస్తుంది. కానీ మన బండి పోయినా, నుజ్జయినా క్లెయిమ్ కోసం పాలసీ మన పేరున ఉండాలి. ఆ మార్పు కోసం కంపెనీకి 14 రోజుల్లో రాయాలి.

ఇక ఇన్‌స్పెక్షన్. కొత్త నంబరు కోసం బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టాలి. ఆర్సీలో ఎరుపు, బండి మ్యాట్ నలుపు అయితే అక్కడే ఆగిపోతారు. ఊరంతా వినిపించే సైలెన్సర్ ఉంటే ముందే తీయించి కంపెనీది పెట్టండి. అసలు ఆ చప్పుడు ఎవరికి ఇష్టమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ముందు 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక, అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మనం ఉండే ఊరి వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. నేను వేసింది హైదరాబాద్‌లోనే. అయితే ఇది వ్యాపారంగా బండ్లు అమ్మే కన్సల్టెన్సీల మీదే నడుస్తుంది, సొంత బండి అమ్ముకున్న మామూలు మనిషి మీద కాదు. వాట్సాప్ చాట్లు డిలీట్ చేయకండి. నాకు యూపీఐలో పంపిన డబ్బుకు ఆధారం ఉంది. ఆ "ఆర్టీఓ ఖర్చుల" నగదుకు మాత్రం రసీదు లేదు, తీసుకోలేదని వాడు చక్కగా అంటున్నాడు.

మా ఆఫీసులో ఒక తమ్ముడు కర్నూలు నంబరు బండి చూస్తున్నాడు, "ఆంధ్రాది కదన్నా, మనదే కదా" అంటున్నాడు. 2014 జూన్ 2 నుంచి అదీ వేరే రాష్ట్రమే. ఆ తర్వాత అక్కడ రిజిస్టరైన బండికి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఓనర్ ఫోన్ నంబరు తెచ్చుకున్నాకే అడ్వాన్స్ ఇమ్మన్నాను. ఇంకా తేలేదు.