పాత్ సింక్ అని అమ్ముతున్న ఆ పైథాన్ మాడ్యూల్ కొనకండి, కొన్నవాళ్లు మెషీన్ రీస్టార్ట్ చేయకండి

ముందు అర్జెంటు విషయం. ఆ మాడ్యూల్‌ను విండోస్ మీద ఇప్పటికే నడిపేసి ఉంటే, తెరిచి ఉన్న కమాండ్ ప్రాంప్ట్‌లు, ఎడిటర్లు ఏవీ మూయకండి. లాగాఫ్ వద్దు, రీస్టార్ట్ అసలే వద్దు. మీ పాత పాత్ (కమాండ్లను ఏ ఫోల్డర్లలో వెతకాలో విండోస్‌కు చెప్పే జాబితా) విలువ ఇప్పుడు వాటిలోనే ఉంది, ఇంకెక్కడా లేదు.

అసలు పేరు రాయను. "ఓఎస్‌కీ పైథాన్‌కీ మధ్య ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ రెండువైపులా ఆటోమేటిక్ సింక్" అని చెప్పి అమ్ముతున్నదే. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటే ప్రోగ్రాములు చదువుకునే సెట్టింగులు, పాత్ వాటిలో ఒకటి. ఆరు మెషీన్ల లైసెన్సుకు రూ. 3,600 పోశాం. సింక్ నడిపాక కొత్తగా తెరిచిన టెర్మినల్‌లో పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్ లేదు, రస్ట్ వాళ్ల కార్గో లేదు, ఎడిటర్ కమాండ్ లేదు. టికెట్ పెడితే వచ్చిన జవాబు ఇది: "మా లాగ్‌లో సక్సెస్ అని ఉంది. సమస్య మీ మెషీన్లది. అన్నీ రీస్టార్ట్ చేయండి." చేశాం. వాళ్లు టికెట్ క్లోజ్ చేసేశారు. పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి మిగిలిన ఒకే ఒక్క దారిని ఆ రీస్టార్ట్ మూసేసింది. సోర్స్ తెరిచి చూసింది ఆ తర్వాతే. కొనే ముందే చూడాల్సింది, అది మా తప్పు, ఒప్పుకుంటున్నాను.

సోర్స్‌లో ఉన్నదేమిటంటే, పైథాన్ సబ్‌ప్రాసెస్‌లో షెల్ ట్రూ పెట్టి, అంటే కమాండ్ ప్రాంప్ట్ ద్వారా, వేరియబుల్స్‌ను శాశ్వతంగా సేవ్ చేసే సెట్‌ఎక్స్ కమాండ్‌ను పిలుస్తున్నారు: సెట్‌ఎక్స్ పాత్ "%పాత్%;కొత్త ఫోల్డర్". విండోస్‌తో పని చేసేవాళ్లు ఏళ్ల తరబడి వద్దు వద్దని చెబుతున్న లైను ఇదే.

విండోస్‌లో ఒక వేరియబుల్‌కు 32,767 అక్షరాల దాకా చోటుంది. సెట్‌ఎక్స్ మాత్రం 1,024 దగ్గర కోసేస్తుంది. పైగా %పాత్% అన్నచోట షెల్ పెట్టేది మీ ఖాతాకు మాత్రమే చెందిన యూజర్ పాత్ ఒక్కటే కాదు. ముందు మెషీన్ మొత్తానికీ చెందిన సిస్టమ్ పాత్, దాని వెనక యూజర్ పాత్, రెండూ కలిపిన తాడు. ఆ తాడు మొత్తాన్నీ యూజర్ పాత్‌లో రాసేస్తుంది. అంటే కోత పడేది తోక మీద, తోకలో ఉండేవి మీరు స్వయంగా చేర్చుకున్నవే. ఒక మెషీన్‌లో సిస్టమ్ పాత్ 990 అక్షరాలుంది. విండోస్ సెట్టింగులు దాచే రిజిస్ట్రీలో యూజర్ పాత్ తెరిచి చివరికి వెళ్తే ఇలా ఉంది: సి:\యూజర్స్\డెవ్\యాప్‌డేటా\లోకల్\ప్రోగ్రా. అక్కడితో సరి. ప్రోగ్రామ్స్ అన్న మాట కూడా పూర్తవలేదు. దాని తర్వాత ఉండాల్సిన పైథాన్, కార్గో, ఎడిటర్ ఫోల్డర్లన్నీ గల్లంతు. చేర్చమని ఇచ్చిన కొత్త ఫోల్డర్ అన్నిటికన్నా చివర ఉంటుంది కాబట్టి అది కూడా చేరలేదు. మాడ్యూల్ చేయాల్సిన ఒక్క పనీ చేయలేదు, ఉన్నదాన్ని చెడగొట్టింది. %యూజర్‌ప్రొఫైల్% లాంటి వేరియబుల్స్‌తో రాసుకున్న దారులు కూడా పూర్తి అడ్రసులుగా మారిపోయి ఘనీభవించాయి.

ఒళ్లు మండేది ఇక్కడ. కోత పడినప్పుడు సెట్‌ఎక్స్ నోరు మూసుకుని ఊరుకోదు. 1,024 అక్షరాలకు కుదించి సేవ్ చేస్తున్నానని హెచ్చరిక లైను చూపిస్తుంది. వీళ్లు ఆ అవుట్‌పుట్‌నూ ఎర్రర్‌నూ రెండింటినీ డెవ్‌నల్‌కు, అంటే ఎవరికీ కనబడకుండా చెత్తబుట్టకు, మళ్లించారు. కింది లైన్లోనే సక్సెస్ అని వాళ్లే ప్రింట్ చేసుకున్నారు, ఏ చెకింగూ లేకుండా. మాకు సాక్ష్యంగా చూపించిన లాగ్ అదే! కస్టమర్‌కు అందాల్సిన హెచ్చరికను దాచి, ఆ దాచినదాన్నే ఆధారంగా చూపి, తప్పు మీదేనన్నారు. దీన్ని తెలియక జరిగిన పొరపాటు అనుకోలేను.

రీస్టార్ట్ వల్ల నష్టం ఎందుకంటే: ప్రతి ప్రాసెస్ పుట్టినప్పుడు తన తల్లి ప్రాసెస్ నుంచి ఎన్విరాన్‌మెంట్ కాపీ ఒకటి తెచ్చుకుంటుంది. తర్వాత రిజిస్ట్రీలో ఏం మారినా ఆ కాపీ దానంతటది మారదు. మార్పు జరిగిందన్న కబురు విని తన కాపీ మార్చుకునేది ఎక్స్‌ప్లోరర్ లాంటి కొన్నే. కాబట్టి సింక్‌కు ముందు తెరిచిన ప్రతి టెర్మినల్‌లోనూ పాత పాత్ చెక్కుచెదరకుండా ఉంటుంది. అది కమాండ్ ప్రాంప్ట్ అయితే పాత్ అని కొట్టి ఎంటర్ నొక్కితే మొత్తం పడుతుంది, నోట్‌ప్యాడ్‌లో పెట్టుకోండి. టెర్మినల్ లేకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అనే టూల్‌లో పాత ప్రాసెస్ ఏదైనా ఎంచుకుని ప్రాపర్టీస్‌లో ఎన్విరాన్‌మెంట్ ట్యాబ్ చూడండి. ఆ విలువలో ముందున్న సిస్టమ్ పాత్ భాగాన్ని తీసేసి మిగిలింది మాత్రమే యూజర్ పాత్‌లో పెట్టండి. మొత్తం పెడితే సిస్టమ్ దారులు రెండుసార్లు చేరతాయి.

ఇక రెండోవైపు సింక్, అంటే బయట మారినవి పైథాన్‌లోకి తేవడం. దానికి వీళ్లు చేసింది ఇంపోర్ట్‌లిబ్.రీలోడ్(ఓఎస్), అంటే పైథాన్‌లోని ఓఎస్ మాడ్యూల్‌ను మళ్లీ లోడ్ చేయడం. ఇదీ పనికిరాదు. పైథాన్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను ఉంచే ఓఎస్.ఎన్విరాన్ అనేది ఇంటర్‌ప్రిటర్ మొదలైనప్పుడు తీసుకున్న ఫొటో లాంటిది. ఆ ఫొటో ఉండేది లోపలి మాడ్యూల్‌లో: లినక్స్‌లో పోసిక్స్, విండోస్‌లో ఎన్‌టీ. ఓఎస్‌ను రీలోడ్ చేస్తే మళ్లీ అదే పాత ఫొటో వస్తుంది. విండోస్‌లో పైథాన్ 3.13 వరకు ఇంకా ఘోరం: నడుస్తున్న స్క్రిప్ట్‌లో మీరు ఓఎస్.ఎన్విరాన్ ద్వారా పెట్టుకున్నవి కూడా కొత్త మ్యాపింగ్‌లో కనబడవు, ఎందుకంటే అది మొదటి ఫొటో నుంచి మళ్లీ కట్టుకుంటుంది. "ఫ్రమ్ ఓఎస్ ఇంపోర్ట్ ఎన్విరాన్" అని ముందే తెచ్చుకున్న ఫైళ్లు మాత్రం పాత ఆబ్జెక్టునే పట్టుకుని ఉంటాయి. ఒకే ప్రాసెస్‌లో రెండు మాటలు.

పైథాన్‌లో నిజంగా ఉన్న నియమం చిన్నదే. ఓఎస్.ఎన్విరాన్‌లో విలువ పెడితే, దాన్ని ప్రాసెస్ ఎన్విరాన్‌మెంట్‌లో రాసే పుటెన్వ్ దానంతటదే పిలవబడుతుంది, తర్వాత పుట్టే చైల్డ్ ప్రాసెస్‌లకు అందుతుంది. నేరుగా ఓఎస్.పుటెన్వ్ పిలిస్తే చైల్డ్‌కు అందుతుంది గానీ ఓఎస్.గెటెన్వ్‌కు కనబడదు, అది చదివేది ఎన్విరాన్‌నే కాబట్టి. సీ ఎక్స్‌టెన్షన్ గానీ, పైథాన్‌ను పొదిగిన సీ++ ప్రోగ్రామ్ గానీ తనే నేరుగా సెటెన్వ్‌తో విలువ మారిస్తే పైథాన్‌కు తెలియదు. దీనికోసమే 2025 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.14లో ఓఎస్.రీలోడ్_ఎన్విరాన్ పెట్టారు, ఉచితంగా. అది చదివేది ఈ ప్రాసెస్ ఎన్విరాన్‌మెంట్‌ను, రిజిస్ట్రీని కాదు; థ్రెడ్‌లు నడుస్తుండగా పిలవకూడదు. పాత వెర్షన్ అయితే లినక్స్‌లో సీ ఫంక్షన్లను పిలిచే సీటైప్స్‌తో సీ లైబ్రరీ (లిబ్‌సీ) గెటెన్వ్‌ను పిలవచ్చు. అప్పుడు తిరిగొచ్చే విలువ రకాన్ని, అంటే రెస్‌టైప్‌ను, సీ_చార్_పీ అని పెట్టడం మరవకండి. పెట్టకపోతే దాన్ని ఇంట్ అనుకుని 64 బిట్ల పాయింటర్‌ను సగానికి నరుకుతుంది, ప్రోగ్రామ్ క్రాష్ అవుతుంది.

లినక్స్‌లో ఈ మాడ్యూల్ చేసేదల్లా టెర్మినల్ తెరిచినప్పుడు చదివే బాష్‌ఆర్‌సీ ఫైలు చివర ఎక్స్‌పోర్ట్ లైను అతికించడం. వెనకాల నడిచే సిస్టమ్‌డీ సర్వీసులు ఆ ఫైలును చదవవు, టైము ప్రకారం పనులు నడిపే క్రాన్ కూడా చదవదు. సర్వీస్‌కు కావాలంటే యూనిట్ ఫైల్‌లో ఎన్విరాన్‌మెంట్‌ఫైల్ లైను పెట్టి, సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ చేసి ఆ సర్వీస్‌ను రీస్టార్ట్ చేయాలి. ఇంకోటి, ప్రోక్ కింద ప్రాసెస్ నంబరు (పిడ్) పేరున్న ఫోల్డర్‌లోని ఎన్విరాన్ ఫైల్ చూసి సింక్ అయిందో లేదో తేల్చుకోకండి, అది ప్రాసెస్ మొదలైనప్పటి స్థితినే చూపిస్తుంది.

విండోస్‌లో యూజర్ పాత్ శాశ్వతంగా మార్చాలంటే ఇరవై లైన్లు చాలు. పైథాన్ విన్‌రెగ్ మాడ్యూల్‌తో రిజిస్ట్రీలో మీ యూజర్ భాగమైన హెచ్‌కేసీయూలోని ఎన్విరాన్‌మెంట్ కీ తెరవండి, క్వెరీవాల్యూఎక్స్ ఇచ్చిన విలువనూ టైపునూ రెండింటినీ ఉంచుకోండి, ఫోల్డర్ చేర్చి అదే టైపుతో సెట్‌వాల్యూఎక్స్ చేయండి. తర్వాత సెండ్‌మెసేజ్‌టైమౌట్ డబ్ల్యూతో 0xఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌కు (అంటే అన్ని విండోలకూ) సెట్టింగు మారిందని చెప్పే 0x001ఎ మెసేజ్, ఎల్‌పారమ్‌లో ఎన్విరాన్‌మెంట్ అన్న మాట, 5,000 మిల్లీసెకన్ల గడువుతో పంపండి. నడుస్తున్న స్క్రిప్ట్‌కూ అదే విలువ కావాలంటే ఓఎస్.ఎన్విరాన్‌లో విడిగా పెట్టుకోవాలి.

రీఫండ్ అడిగాం, జవాబు లేదు. ఇలాంటిది ఏది కొన్నా ముందు సోర్స్‌లో సెట్‌ఎక్స్ అన్న మాట వెతకండి, దొరికితే వదిలేయండి. నడిపే ముందు రెగ్ ఎక్స్‌పోర్ట్‌తో హెచ్‌కేసీయూ\ఎన్విరాన్‌మెంట్‌ను ఒక ఫైలుగా వేరే డ్రైవ్‌లో దాచండి, పది సెకన్ల పని.