ఆర్మేనియన్ వర్చువల్ కాలేజీ: వైజాగ్ నుంచి ఒక తెలుగు టీచరు అభిప్రాయం

ముందే చెప్పేస్తున్నా, ఆర్మేనియన్ వర్చువల్ కాలేజీ ఆన్‌లైన్‌లో ఆర్మేనియన్ నేర్పే ఈ కోర్సు మంచిది. పరాయి దేశంలో పెరిగే పిల్లలకి సొంత భాష నేర్పే పనిలో ఉన్నవాళ్లు తప్పకుండా చూడాలి.

ఎంవీపీ కాలనీలో ఉంటూ ఆర్మేనియన్ ఎందుకని మా ఇంట్లోవాళ్లే అడిగారు. శని, ఆదివారాలు పొద్దున్నే నేను అమెరికా తెలుగు పిల్లలకి ఆన్‌లైన్‌లో తెలుగు చెబుతాను. అమ్మమ్మ మాట్లాడితే వాళ్లకి అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఇదే సమస్యతో వందేళ్లుగా కుస్తీ పడుతున్నవాళ్లు ఆర్మేనియన్లు. 1915లో ఒట్టోమన్ టర్కీ పాలనలో ఆర్మేనియన్ల మీద జరిగిన మారణహోమంలో బతికి బయటపడ్డవాళ్లు సిరియా, లెబనాన్, ఫ్రాన్స్, అమెరికాలకి చెదిరిపోయారు. వెళ్లిన చోటల్లా చర్చి, దాని పక్కనే బడి కట్టుకున్నారు.

కాలేజీని నడిపేది ఏజీబీయూ అనే ఆర్మేనియన్ల సంస్థ. అది 1906లో కైరోలో పుట్టింది, ఈ ఆన్‌లైన్ చదువు 2009లో మొదలుపెట్టింది. భాష, చరిత్ర, సంస్కృతితో పాటు చదరంగం కూడా చెబుతారు. ఆర్మేనియాలో చదరంగం బడి సబ్జెక్టు కదా, అందుకని. పాఠాలు ఏడు భాషల్లో దొరుకుతాయి, అందులో టర్కిష్ ఒకటి. అంటే టర్కిష్ తప్ప ఇంకేమీ రాని ఆర్మేనియన్ కుర్రాడికి కూడా తలుపు తీసే ఉంచారన్నమాట. "నీకు మన భాష రాదా?" అని పిల్లల్ని సిగ్గుపడేలా చేసే మన పెద్దలు ఈ ఒక్క విషయం గమనించాలి.

నాకు బాగా నచ్చింది అక్షరాల భాగం. క్రీ.శ. 405లో మెస్రోప్ మాష్తోత్స్ అనే పండితుడు కూర్చిన 36 అక్షరాలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. తర్వాత రెండు చేర్చారు. ఆ 36 అక్షరాలకీ 1 నుంచి 9000 దాకా అంకెల విలువ ఉంది. పాత రాతి శిలువల మీద సంవత్సరాన్ని అక్షరాల్లోనే చెక్కేవారు. జగదాంబ దగ్గర కొన్న ఫోర్‌లైన్ నోట్‌బుక్‌లో దిద్దుతుంటే నాకు టైమే తెలిసేది కాదు.

ఉచ్చారణ దగ్గర మనవాళ్లు అదృష్టవంతులు. ఆర్మేనియన్‌లో తూర్పు, పశ్చిమం అని రెండు రకాలున్నాయి. తూర్పు ఆర్మేనియన్‌లో బ, ప, ఫ మూడూ వేరువేరు. ఆ ఫ ఫ్యాన్‌లో ఫ కాదు, గాలి వదిలి పలికే ఒత్తు ఫ. ఫ్యాన్ ఫకి వేరే అక్షరం ఉంది, తర్వాత చేర్చిన రెండింటిలో అదొకటి. గ, క, ఖ, అలాగే ద, త, థ కూడా అంతే. "చాప"లో చ, "జల్లెడ"లో జ మనం ఎలా పలుకుతామో వాటికీ అక్షరాలున్నాయి. ఇంగ్లీషు మీదుగా వచ్చేవాళ్లు తంటాలు పడే చోట మనం తేలిగ్గా దాటిపోతాం.

చేరేముందు తూర్పా, పశ్చిమమా అన్నది తేల్చుకోండి. ఆర్మేనియా దేశంలో మాట్లాడేది తూర్పు. ఎంబీబీఎస్‌కి అక్కడి రాజధాని యెరెవాన్ వెళ్లే మన పిల్లలకి అదే పనికొస్తుంది. పశ్చిమం మారణహోమం నుంచి తప్పించుకున్నవాళ్ల భాష. తూర్పువాళ్లు పెత్రోస్ అని పిలిచే మనిషి పశ్చిమంవాళ్ల నోట బెద్రోస్ అవుతాడు. పశ్చిమానికి వెనక నిలబడే దేశం లేదు, 2010లో యునెస్కో దాన్ని ప్రమాదంలో ఉన్న భాషల్లో చేర్చింది. కాబట్టి టీచర్లు పశ్చిమం వైపు చూడాలని నా మాట. ఇళ్లలోనూ బడుల్లోనూ మాత్రమే భాషని నిలబెట్టడం అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది.

చరిత్ర కోర్సు కూడా తీసుకోండి. మనకి దగ్గరి సంగతులు చాలా ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం రేవులో ఆర్మేనియన్ వర్తకులు ఉండేవారు. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక "అజ్దరార్" 1794లో అచ్చయింది మద్రాసులో! షమావోనియన్ అనే మతగురువు 18 సంచికలు తెచ్చారు. కలకత్తాలో 1821లో పెట్టిన ఆర్మేనియన్ కాలేజీ ఇప్పటికీ నడుస్తోంది.

ఒక్క విషయంలో మాత్రం నాకు తృప్తి లేదు. మారణహోమంలో అనాథలైన పిల్లల కోసం సైప్రస్‌లోని నికోసియాలో 1926లో మెల్కోనియన్ స్కూలు పెట్టారు. రకరకాల దేశాల పిల్లలు హాస్టల్లో ఉండి చదివేవారు. ఇదే ఏజీబీయూ 2005లో దాన్ని మూసేసింది. కలిసి అన్నం తింటూ, పోట్లాడుకుంటూ నేర్చే భాష స్క్రీన్ మీద రాదు. ఆన్‌లైన్‌లో పాఠం చెప్పే మనిషిగా ఇది నాకు రోజూ తెలిసే బాధ.

సొంతంగా చదువుకునే పద్ధతి ఉంది, టీచరుతో చదివేదీ ఉంది. భాషకైతే టీచరున్నదే తీసుకోండి, తప్పు పలికితే దిద్దే చెవి కావాలి. చరిత్ర సొంతంగా చదువుకోవచ్చు. తెలుగు మాధ్యమం లేదు, ఇంగ్లీషు కాస్త బాగా రావాలి. హెడ్‌ఫోన్ మంచిది కొనండి, లేకపోతే క, ఖ తేడా వినపడదు. యెరెవాన్ టైము మనకన్నా గంటన్నర వెనక, కాబట్టి వంటపని అయ్యాక రాత్రి ఎనిమిదికి కూర్చున్నా అక్కడ ఇంకా ఆరున్నరే.