నెబ్బియోలో ద్రాక్ష వెంట: లంగే కొండల నుంచి వల్తెల్లీనా దాకా

ఎర్ర వైన్ ద్రాక్షల్లో నెబ్బియోలోకి ఉన్నంత పట్టింపు ఇంకే రకానికీ ఉన్నట్టు నాకు అనిపించలేదు. ముందే చిగురిస్తుంది, అక్టోబరు దాకా పండదు. అందుకే ఎండ బాగా తగిలే వాలు ఎక్కడుందో చూసి మరీ నాటుతారు. ఇటలీ వాయవ్యాన పియెమోంతేలో దీనికి పుట్టినిల్లు లాంటి లంగే కొండలకీ, ఆల్ప్స్ ఒడిలో ఉన్న వల్తెల్లీనా లోయకీ కోతల సమయంలో వెళ్లాం.

లంగేకి ఆల్బా పట్నం ముఖద్వారం. టురిన్ నుంచి రైలుంది. కానీ అక్కణ్నుంచి ఊళ్లకు బస్సులు తక్కువ, ఆదివారం మరీ కష్టం. కారు తీసుకుంటే మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ తప్పనిసరి. మేం కారు తీసుకున్న చోట కౌంటర్ దగ్గర చాలాసేపు నిలబెట్టి, అడగని ఇన్సూరెన్స్ అంటగట్టాలని చూశారు. కాగితం మొత్తం చదివాకే సంతకం పెట్టండి.

బసకి ఆల్బా కన్నా లా మోర్రా అనే ఊరు నాకు నచ్చింది. అక్టోబరులో ఆల్బాలో తెల్ల ట్రఫుల్ (నేలలో పెరిగే ఖరీదైన పుట్టగొడుగు) సంత నడుస్తుంది కాబట్టి గదుల అద్దెలు పైకి పోతాయి, రద్దీ ఎక్కువ. లా మోర్రాలో ఒక రైతు కుటుంబం నడిపే అగ్రితురిస్మోలో (తోటలోనే ఉండే అతిథిగృహం) దిగాం. గది చిన్నదే, వైఫై అంతంతమాత్రం. కానీ కిటికీ కిందే తోట. పొద్దున్నే కత్తెరలతో గుత్తులు కోస్తూ, ఎండిన పళ్లను అక్కడికక్కడే గిల్లేసి ప్లాస్టిక్ పెట్టెల్లో పేర్చుతున్నారు. నెబ్బియోలో పండు మీద బూడిద రంగు పొర దట్టంగా ఉంటుంది. వేలితో తుడిస్తే కింద నీలం మెరుస్తుంది.

ఇక రుచి. గ్లాసులో చూస్తే రంగు పలచన, అంచున ఇటుక ఛాయ. ఇంత పలచటి వైన్ నోట్లో పడగానే చిగుళ్లను పట్టేసేంత వగరుగా ఉంటుందని ఊహించం. వాసనలో గులాబీ, తారు కలిసి వస్తాయి. లంగేలో ఈ ద్రాక్షతో చేసే పేరున్న వైన్లు రెండు: బరోలో, బర్బరెస్కో. రెండూ ఊళ్ల పేర్లే. ఆ వగరు మెత్తబడటానికే బరోలో వైన్‌ని కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉంచాలని నిబంధన. బర్బరెస్కోకి 26 నెలలు చాలు. లా మోర్రా వైపు మట్టిలో పుట్టిన బరోలో కాస్త సుకుమారం, సెర్రలుంగా అనే ఇంకో ఊరి వైపుది గట్టిది. ఒకే ఏడాది సీసాలు రెండూ పక్కపక్కన తాగి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. నా ఓటు సెర్రలుంగాకే.

బరోలో కోటలోని వైన్ మ్యూజియం చూడదగ్గదే, కానీ ఊరు మాత్రం టూరిస్టులతో కిక్కిరిసిపోయింది. బర్బరెస్కోలో ప్రశాంతంగా ఉంటుంది. పాత చర్చిలో నడుస్తున్న ప్రాంతీయ వైన్ కేంద్రంలో తొందరపెట్టకుండా ఓపికగా వివరించారు.

వల్తెల్లీనా దారే వేరు. మిలాన్ నుంచి రైలు కోమో సరస్సు పక్కగా సోండ్రియో, తిరానో పట్నాలకు తీసుకెళ్తుంది, కారు గొడవ లేదు. అద్దా నదికి ఉత్తరాన సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు, వాటి మధ్య మెట్లు మెట్లుగా తోటలు. ట్రాక్టరు ఎక్కని ఆ వాలు మీద పనంతా చేతులతోనే. సోండ్రియో దగ్గరి సస్సెల్లా అనే చోట తోటల మధ్య నడిచినప్పుడు ఆ శ్రమ చూసి గుండె బరువెక్కింది. ఇక్కడి నెబ్బియోలో మరింత తేలిక. కోసిన పళ్లను వారాల తరబడి ఆరబెట్టి చేసే ‘స్ఫోర్జాతో’ అనే వైన్ మాత్రం చిక్కగా, 14 శాతానికి తగ్గని ఆల్కహాలుతో ఉంటుంది. ఒక్క గ్లాసు చాలు.

సోండ్రియోలో స్టేషన్ దగ్గరి హోటల్ శుభ్రంగా ఉంది, బ్రేక్‌ఫాస్ట్ మాత్రం పేలవం. మాంసం తినని వాళ్లకి ఎక్కువగా బక్‌వీట్ పిండి, కొంచెం గోధుమపిండి కలిపి చేసే పిజ్జోక్కెరి అనే పాస్తా దొరుకుతుంది. క్యాబేజీ, బంగాళదుంప, చీజ్ వేసి చేస్తారు. చలికి భలే ఉంటుంది.

కారు నడపని వాళ్లు, నడక ఇష్టమున్న వాళ్లు వల్తెల్లీనాకే వెళ్లండి. ఎన్నో రకాల బరోలోలు పోల్చి చూడాలనుకుంటే లంగేనే. రెండు చోట్లా సెల్లార్లకి ముందుగా మెయిల్ పెట్టి టైమ్ తీసుకోవాలి. కోతల రోజుల్లో చెప్పకుండా వెళ్తే తలుపు తీసేవాళ్లు ఉండరు. డ్రైవ్ చేసేవాళ్లు రుచి చూసి ఉమ్మేయడానికి మొహమాటపడొద్దు, పాత్ర అక్కడే పెట్టి ఉంటుంది.